ఏ తలుపు తీశానో అని

మా చర్చి సంఘంలో ప్రభువు బల్ల రోజున, అంటే యేసు చివరి భోజనాన్ని తలుచుకునే రోజున, అందరం ఒకే పాత్రలో తాగుతాం. ఫిబ్రవరి మొదటి ఆదివారం నా వంతు వచ్చేసరికి ఆ పాత్ర పక్కకు జరిగింది, దాని వెనక ఓ చిన్న స్టీలు గ్లాసు వచ్చింది. ఎవరింటి నుంచి తెచ్చారో, అంచు కింద ఇంటిపేరు కూడా చెక్కి ఉంది. తాగేసి తల వంచుకుని కూర్చున్నాను గానీ ప్రార్థన ఒక్క ముక్క రాలేదు. అప్పటికి నేను టీబీ మందులు మొదలుపెట్టి నెల దాటింది. టీబీ గాలి ద్వారా అంటుతుంది, గ్లాసులతో కంచాలతో కాదు. ఆ మాట ఆస్పత్రిలో నాకు చెప్పారు, నేను పాస్టరు గారికి చెప్పాను, అయినా గ్లాసు వచ్చింది.

మొదట్నుంచి చెప్తాను. 2024 ఆగస్టులో మా వీధి చివర ఒంటరిగా ఉండే తాతయ్యకి టీబీ అని తేలింది. మందులు ఇచ్చారు గానీ మింగించేవాళ్లు లేరు. స్త్రీల కూటంలో ఆయన కోసం ప్రార్థన చేస్తుంటే, ప్రార్థన చేసేదేదో అక్కడికెళ్లి చేస్తే పోలా అనిపించింది నాకు. పిలుపు అంటే నాకు అంతే, ఆకాశం నుంచి స్వరాలేమీ వినపడలేదు. రోజూ పొద్దున బిళ్లలు మింగించి, కాసేపాగి రాగిజావ పోసి, ఆయన తిట్లు తిని వచ్చేదాన్ని. దేవుడి పని మీద తిరిగేదాన్ని, నాకేమవుతుందిలే అని ఓ ధీమా.

నవంబరులో దగ్గు మొదలైంది. డిసెంబరంతా రాత్రిళ్లు ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడాం కదా, గొంతు పోయిందనుకున్నాను. ఊళ్లో డాక్టరు రెండుసార్లు సిరప్ మార్చాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, 52 కిలోలున్నదాన్ని 45కి వచ్చాను, జాకెట్లు వదులైతే బాగానే ఉందని సంబరపడ్డాను కూడా!

డిసెంబరు 28 రాత్రి. మా ఆయన కిరాయికి వెళ్లాడు, బాబు నిద్రపోతున్నాడు. దగ్గుతూ లేచి సింకు దగ్గరికి వెళ్లి లైటు వేస్తే ఎర్రగా ఉంది. కడిగేశాను. మళ్లీ దగ్గు, మళ్లీ ఎరుపు, ఈసారి దోసిలి నిండా. చప్పుడుకి మా అత్తమ్మ లేచింది. ఆవిడ ప్రభువుని నమ్ముకోలేదు, ఆంజనేయస్వామి పటం ఇప్పటికీ ఆవిడ గదిలోనే ఉంది. బేసిన్ తెచ్చి నా ముందు పెట్టి, వెనక నుంచి నా నుదురు పట్టుకుని నిలబడింది, "కానీ అమ్మా, కానీ, పోనీ బయటికి" అంటూ. తెల్లారేదాకా అలాగే. ఆ రాత్రి నేనేమీ స్తుతించలేదు. "నీ పని మీద తిరిగినదాన్నే కదయ్యా" అన్నాను దేవుడితో, అంతకంటే పెద్ద మాటలే అన్నాను.

కఫం పరీక్ష, ఎక్స్‌రే, నాలుగు రకాల మందులు రెండు నెలలు, ఆ తర్వాత మూడు రకాలు నాలుగు నెలలు. ఇంట్లోవాళ్లందరికీ పరీక్షలు చేశారు. మందులు ఉచితం, పౌష్టికాహారానికి నెలకు 1000 రూపాయలు ఖాతాలో వేస్తారు, అదీ మంచిదే. కానీ బిళ్లలు మింగితే మూత్రం నారింజ రంగులో వస్తుందని ఒక్కరైనా ముందు చెప్పాలా వద్దా? మళ్లీ రక్తమనుకుని బాత్రూంలోనే కూలబడ్డాను. తాతయ్య నుంచే వచ్చిందా అని డాక్టరమ్మనడిగితే, చెప్పలేమమ్మా, ఆ క్రిమి ఏళ్ల తరబడి ఒంట్లో నిద్రపోయి కూడా లేస్తుంది అంది. ఆవిడ ఓపికకి దండం పెట్టాలి. రెండు వారాలు దాటిన దగ్గుకి కఫం పరీక్ష చేయించుకోవాలని నాకు తెలీదు, మీరు చేయించుకోండి. రెండో నెలకే ఆకలి వేసి ఒళ్లు తేలికవుతుంది, అప్పుడు మాత్రం మందులు ఆపకండి.

అసలు కడుపు మండింది సంఘపెద్ద మాటకి. ప్రార్థన చేయడానికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "పరిచర్యలో ఉన్నదానికి ఇలా వచ్చిందంటే సాతానుకి ఎక్కడో తలుపు తీసుంటావు సిస్టర్, పరీక్షించుకో" అన్నాడు. పరీక్షించుకున్నాను కూడా, పిచ్చిదాన్ని, రాత్రిళ్లు పడుకుని చిన్నప్పటి అబద్ధాలతో సహా లెక్కపెట్టుకున్నాను. బైబిల్లో, ఫిలిప్పీ సంఘానికి పౌలు రాసిన ఉత్తరం రెండో అధ్యాయంలో ఎపఫ్రొదితు అనే ఆయన కనిపించేదాకా అదే పని. ఆ సంఘం పంపిన కానుకలు మోసుకుని చెరలో ఉన్న పౌలు దగ్గరికి వెళ్లాడు, అక్కడే చావుబతుకుల్లో పడ్డాడు. నువ్వు ఏ తలుపు తీశావని పౌలు అడగలేదు, ఇలాంటివాళ్లని గౌరవించండి అని రాశాడు. తనతో తిరిగిన త్రోఫిమునైతే పౌలు రోగంతోనే మిలేతు అనే ఊళ్లో విడిచిపెట్టి వచ్చాడు. ఇన్నేళ్లుగా చదువుతున్నా ఈ మనుషులు నా కంట పడలేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో పలు క్రైస్తవ మిషన్లు కలిసి టీబీ వాళ్లకోసం ఆస్పత్రి కట్టి వందేళ్లు దాటింది. మనం గ్లాసు మార్చాం.

నేను మంచంలో ఉన్నన్నాళ్లు తాతయ్య సంగతి ఎవరు చూశారనుకుంటున్నారు? కూటంలో ఆయన పేరు చదివి ప్రార్థన చేశారట. మా అత్తమ్మ మాత్రం ఎవరికీ చెప్పకుండా, మాస్కు కట్టుకుని, జావ గిన్నె పట్టుకుని రోజూ వెళ్లింది. ఆయన కోర్సు పూర్తయ్యాక కూడా ఆపలేదు. నాకు ఏప్రిల్‌లో గానీ తెలియలేదు. ఎందుకత్తమ్మా అంటే, "నువ్వు మొదలెట్టిన పని కదే" అంది.

జులైలో నాకు నయమైందని రాసిచ్చారు. ఆ గురువారమే తాతయ్య ఇంటికి వెళ్లాను. ఆర్నెల్లు ఎక్కడ చచ్చావే అని తిట్టాడు. జావ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"మీ అత్త ఉప్పు సరిగ్గా వేసేది."