అరగకుండానే ముసలివైపోయిన టైర్లు

మా గరాజ్‌లో ఏటా నవంబరు నుంచి ఏప్రిల్ మధ్య వరకు ముసుగు తన్ని పడుకునే 2017 మాజ్దా ఎంఎక్స్-5కు ఈ వసంతంలో నాలుగు టైర్లూ మార్చాను. డెట్రాయిట్ శివార్లలో ఉంటున్నవారికి, ఇలాంటి రెండు సీట్ల బండిని చలికాలంలో ఎందుకు బయటికి తీయమో విడమరిచి చెప్పనక్కర్లేదు. మంచు కరగడానికి రోడ్లమీద చల్లే ఉప్పు బండి అడుగుభాగాన్ని తినేస్తుంది. ఈ ఊరికి ఉప్పు కొదవ కూడా లేదు. నగరం కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతులో, ఉప్పు గని ఉంది.

టైర్ల సంగతి నాకు తట్టింది మాత్రం పోయిన సెప్టెంబరులో. ఆన్ ఆర్బర్ పక్కన నది వెంబడి మెలికలు తిరుగుతూ పోయే హ్యూరాన్ రివర్ డ్రైవ్ మీద, సన్నగా వాన పడుతున్నప్పుడు, నేను ఎప్పుడూ తీసుకునే వేగంతోనే ఒక మలుపు తీసుకుంటుండగా వెనుక చక్రాలు పక్కకు జారాయి. బండి వెంటనే సర్దుకుంది కానీ నా గుండె సర్దుకోవడానికి కొంచెం సేపు పట్టింది. ఇంటికి వచ్చి మోకాళ్లమీద కూర్చుని టార్చి వేసి చూస్తే ట్రెడ్, అంటే రోడ్డును తాకే రబ్బరు మీది గాడుల లోతు, ఇంకా 5/32 అంగుళాలు ఉంది. మార్చక తప్పదనే హద్దు 2/32. గాడుల అడుగున మాత్రం వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపించాయి. గోరుతో నొక్కితే రబ్బరు అటకమీద ఏళ్ల తరబడి పడి ఉన్న హవాయి చెప్పు అడుగులా గట్టిగా తగిలింది. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద 'డాట్' అక్షరాలతో మొదలయ్యే వరుస చివర 1117 అని ఉంది. అంటే 2017వ సంవత్సరం పదకొండో వారంలో తయారైన టైర్లు. బండితో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే.

వీడియో కాల్‌లో ఈ మాట చెబితే విజయవాడలో ఉన్న మా నాన్నగారికి అస్సలు మింగుడు పడలేదు. "ట్రెడ్ అంత ఉండగా టైర్లు మార్చడమేంట్రా?" అన్నారు. టైరు గుండు అయ్యేదాకా స్కూటరు నడిపిన మనిషి ఆయన. ఆయన లెక్కలో టైరు ఆయుష్షు అంటే అరుగుదలే. రోజూ ఆఫీసుకు తిరిగే బండికి ఆ లెక్క చాలా వరకు సరిపోతుంది కూడా. ఏడాదికి రెండున్నర వేల మైళ్లకు మించని వేసవి బండికి మాత్రం అది పూర్తిగా తలకిందులవుతుంది. ఏడేళ్లు నడిపినా పదిహేడున్నర వేల మైళ్లే అవుతాయి కాబట్టి, టైరు అరిగేలోపే దాని రబ్బరు ముసలిదైపోతుంది. అయిదేళ్లు దాటాక ఏటా పరీక్ష చేయించమనీ, పదేళ్లకు ఎలా ఉన్నా తీసేయమనీ చెప్పే తయారీదారులు ఉన్నారు. నా దృష్టిలో తడి రోడ్డు మీద నమ్మకం పదేళ్లకంటే చాలా ముందే పోతుంది.

ఈ ఒక్క విషయం ఒప్పుకున్నాక ఎంపిక తేలికైంది. అమెరికాలో చాలా కార్ల టైర్ల మీద యూటీక్యూజీ అనే గ్రేడింగు ఉంటుంది. అందులోని ట్రెడ్‌వేర్ అంకె, నూరు మార్కుల ప్రామాణిక టైరుతో పోలిస్తే ఇది ఎన్ని రెట్లు మన్నుతుందో చెబుతుంది. ఆ పరీక్షలో టైర్లను టెక్సస్‌లోని రోడ్లమీద 7,200 మైళ్లు తిప్పుతారు. తీరా అంకె వేసుకునేది తయారీదారే కాబట్టి, ఒక కంపెనీ 300ని ఇంకో కంపెనీ 340తో పోల్చి నిర్ణయానికి రావడం అంత తెలివైన పని కాదు. అయినా మన్నిక నాకు అవసరమే లేనప్పుడు ఆ అంకె కోసం డబ్బు పెట్టడమెందుకు? పక్కనే ఉండే ట్రాక్షన్ అక్షరం, అంటే తడి రోడ్డు మీద తిన్నగా బ్రేకు వేసినప్పటి పట్టు, నాకు అంతకంటే పనికొచ్చింది.

మన్నిక అక్కర్లేదంటే ట్రెడ్‌వేర్ అంకె 200 ఉండే, త్వరగా అరిగినా పట్టు ఎక్కువ ఉండే టైర్లకే పోవచ్చు కదా అని నాకూ ఆశ పుట్టింది. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్ లాంటివి ఎండలో, రేసు ట్రాక్ మీద రోడ్డును జిగురులా పట్టుకుంటాయి. కానీ వాటికి వేడెక్కాకే ఆ పట్టు వస్తుంది; చప్పుడు ఎక్కువ; పైగా గాడులు తక్కువ కాబట్టి మిషిగన్ జూలై వాన రోడ్డు మీద నిలిపే నీళ్లలో అవి నాకు ధైర్యమివ్వవు. నేను ట్రాక్‌కు వెళ్లేది ఏడాదికి ఒక్కసారి, అదీ స్నేహితులు లాక్కెళ్తే. ఆల్ సీజన్ టైర్ల గురించి ఎక్కువ ఆలోచించలేదు. శీతాకాలమంతా నిద్రపోయే బండికి శీతాకాలపు సామర్థ్యం కొనడం నాకు అర్థం కాని పని. చివరికి ఈ రెంటి నడుమ ఉండే వేసవి టైరు, కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ స్పోర్ట్ 02 ఎంచుకున్నాను. దాని ట్రెడ్‌వేర్ 340. నా విషయంలో అది ఉట్టి అలంకారం.

సైజు దగ్గర కాస్త తడబడ్డాను. ఫ్యాక్టరీ సైజు 205/45ఆర్17. అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ అందులో 45 శాతం, చక్రం 17 అంగుళాలు. కాస్త బలంగా కనబడుతుందని 215/45 వేసుకునేవారు ఉన్నారు. దానితో టైరు వ్యాసం 616 నుంచి 625 మిల్లీమీటర్లకు పెరిగి స్పీడోమీటరు దాదాపు ఒకటిన్నర శాతం తక్కువ చూపిస్తుంది. వెయ్యి కిలోలకు కాస్త పైబడిన బండికి అదనపు వెడల్పు దేనికో నాకు తెలియలేదు. నన్ను నిజంగా ఊరించింది 16 అంగుళాల చక్రాలకు మారి 205/50 వేసుకోవడం. వ్యాసం దాదాపు అదే ఉంటుంది, సైడ్‌వాల్ పది మిల్లీమీటర్లు పెరుగుతుంది. వసంతం రాగానే మా రోడ్లకు పడే గుంతలు చూసినవారికి ఆ పది మిల్లీమీటర్ల విలువ తెలుస్తుంది. చక్రాల ఖర్చు కలిపేసరికి మనసు మార్చుకున్నాను.

షాపులో నాకు రెండు పట్టింపులు ఉన్నాయి. బిగించకముందే నాలుగు టైర్ల తేదీ అంకెలు చూపించమన్నాను. నాలుగూ ఆరు నెలల లోపువే. రెండోది, బండి దించకముందే చుట్టూ తిరిగి చూశాను. ఈ టైర్లకు లోపలివైపు, బయటివైపు వేరువేరు. సైడ్‌వాల్ మీద రాసే ఉంటుంది. కుడి వెనుక టైరు మీద 'ఇన్‌సైడ్' అన్న మాట నాకేసి చూస్తోంది. కుర్రాడికి చూపిస్తే, "సారీ సర్," అని నవ్వి మళ్లీ విప్పాడు. చూడకుండా ఇంటికి వచ్చేసి ఉంటే ఎన్నాళ్లకు గమనించేవాడినో.

గాలి డోరు దగ్గరి స్టిక్కరు చెప్పినట్టు 29 పీఎస్ఐ పెట్టాను, అదీ బండి చల్లగా ఉన్నప్పుడు. పది ఫారెన్‌హీట్ డిగ్రీలకు సుమారు ఒక పీఎస్ఐ మారుతుంది కాబట్టి ఏప్రిల్ చలిలో కొట్టించిన గాలిని జూన్‌లో మళ్లీ చూసుకోవాలి. ఇక చలికాలంలో, సున్నాకు ఏడు డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే వేసవి రబ్బరు పగిలే ప్రమాదం ఉందని తయారీదారులు హెచ్చరిస్తారు. కాబట్టి జనవరిలో గరాజ్ ఊడ్చడానికని బండిని అడుగు ముందుకు నెట్టే అలవాటు మానేస్తున్నాను.

కొత్త టైరు పైపొర పోయేదాకా మొదటి మూడు వందల మైళ్లు నెమ్మదిగా నడపాలట. ఇప్పటికి 180 అయ్యాయి. ఈ ఆదివారం వాన లేకపోతే హ్యూరాన్ రివర్ డ్రైవ్ మీదికే వెళ్తాను.