క్రాంక్‌కేసులోకి చేరిన నీళ్లు

మోటారు సైకిల్‌లా హ్యాండిల్ పట్టుకుని నడిపే ఆ నాలుగు చక్రాల బండి (ఏటీవీ) నా చేతికి వచ్చేనాటికి దాని కిక్ లివర్ అంగుళం కూడా కదలడం లేదు. వాగు దాటుతుండగా ఇంజన్ నీళ్లు మింగి ఆగిపోయిందని, ఆరితే అదే స్టార్ట్ అవుతుందిలే అనుకుని ఒడ్డుకు లాగి ఒక మూలన నిలబెట్టానని, అలా రెండేళ్లు గడిచిపోయాయని అమ్మినాయన ఉన్నదున్నట్టు చెప్పాడు. గాలితో చల్లబడే సింగిల్ సిలిండర్ టూ-స్ట్రోక్ ఇంజన్ అది. బోర్ 66 మి.మీ., స్ట్రోక్ 57 మి.మీ., మొత్తం 195 సీసీ. పిస్టన్ పట్టేసింది కాబట్టి దాన్ని వదిలించి, సిలిండర్ రీబోర్ చేయించి (లోపలి గోడను కాస్త వెడల్పుగా చెక్కించి), కొత్త పిస్టన్ వేస్తే సరిపోతుందని నేను లెక్క వేసుకున్నాను. ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో ఇంజన్ విప్పిన కొద్దీ తెలిసివచ్చింది.

ఫోర్-స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం నేరుగా హెడ్‌లోకి వెళుతుంది. టూ-స్ట్రోక్‌లో అలా కాదు. కార్బురేటర్ నుంచి, లోపలికి మాత్రమే తెరుచుకునే రీడ్ వాల్వు మీదుగా వచ్చిన మిశ్రమం ముందు క్రాంక్ ఉండే పెట్టె, అంటే క్రాంక్‌కేసులోకి చేరి, పిస్టన్ కిందికి దిగేటప్పుడు అక్కడ ఒత్తిడికి గురై, సిలిండర్ గోడలోని ట్రాన్స్‌ఫర్ పోర్టులనే దారుల గుండా పైకి ఎక్కుతుంది. కాబట్టి ఎయిర్ ఫిల్టర్ దాటి లోపలికి వచ్చిన నీళ్లు కూడా అదే దారి పట్టి, మొదట క్రాంక్ అడుగున నిలుస్తాయి. అక్కడి బేరింగులకు పెట్రోలుతో కలిసి వచ్చే పలుచని ఆయిల్ పొర తప్ప వేరే రక్షణ ఏదీ ఉండదు. పైన కనిపించే తుప్పు కంటే కింద కనిపించని తుప్పే ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే.

మొదటి రోజు చేయకుండా ఉండవలసిన పని ఒకటుంది, అదృష్టవశాత్తు నేను దాన్ని చేయలేదు: కిక్ మీద ఎక్కి తొక్కడం. అలా బలవంతం చేస్తే కిక్ గేరు పళ్లు విరగవచ్చు, లేదా తుప్పుకు అంటుకుపోయిన పిస్టన్ రింగు పోర్టు అంచుకు పట్టుకుని ముక్కలు కావచ్చు. ప్లగ్ తీసి, సైలెన్సర్ విప్పి, ఎగ్జాస్ట్ పోర్టు కిటికీలోంచి టార్చ్ వేసి చూస్తే పిస్టన్ సగం ఎత్తులో ఆగి ఉంది, దాని చుట్టూ ఎర్రటి పొడి పేరుకుని ఉంది. డీజిలు, ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు వాడే పలుచని ఆయిల్ సమపాళ్లలో కలిపి ప్లగ్ రంధ్రంలోంచి కొంత, ఎగ్జాస్ట్ కిటికీలోంచి కొంత పోశాను. పై నుంచి మాత్రమే పోస్తే అది పై రింగు దగ్గరే ఆగిపోతుంది. రెండు వైపుల నుంచీ పోస్తేనే పిస్టన్ కింది భాగమైన స్కర్టు వరకు దిగుతుంది.

ఇనుము తుప్పు పట్టినప్పుడు ఆ తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పిస్టన్‌కూ, సిలిండర్ లోపలి ఇనుప గొట్టమైన లైనర్‌కూ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది కాబట్టి, అందులో పెరిగిన తుప్పు మేకులా బిగుసుకుపోతుంది. నాలుగు రోజులు నానబెట్టినా కదలిక లేకపోయేసరికి హెడ్ తీసి, సిలిండర్‌ను బయటి నుంచి వేడి గాలితో కాచడం, పూర్తిగా చల్లారనివ్వడం, మళ్లీ ఆయిల్ పోయడం మొదలుపెట్టాను. ఒకే వేడికి అల్యూమినియం పోత ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అల్యూమినియం పిస్టన్, ఇనుప లైనర్ ఇలా పదేపదే వేరు వేరు కొలతల్లో పెరిగి తగ్గుతుంటే తుప్పు పట్టు సడలి, ఆయిల్‌కు దారి దొరుకుతుంది. ఆరో రోజున పిస్టన్ తలకు సరిపడే గుండ్రటి కర్ర ముక్క పెట్టి, సుత్తితో మెల్లగా తట్టగా వెంట్రుకవాసి కిందికి జరిగింది. ఆ తరువాత పని సులువైంది; సాయంత్రానికి సిలిండర్ చేతికి వచ్చింది.

సరిగ్గా ఇక్కడే మనసు దారి తప్పింది. కనెక్టింగ్ రాడ్ పట్టుకుని పైకీ కిందికీ లాగితే ఆట (వదులు) ఏమీ తెలియలేదు, క్రాంక్ తిప్పితే మెత్తగా తిరిగింది. ‘కింది భాగం బాగానే ఉంది, దాన్ని కదపడం దేనికి?’ అని ఒక పూటంతా ఊగిసలాడాను. తేల్చింది గేర్‌బాక్సు డ్రెయిన్ బోల్టు. దాన్ని విప్పగానే ముందు కొంచెం నీరు, ఆ వెనుక బూడిద తెలుపు రంగులో చిక్కటి ముద్ద దిగింది. ఆయిల్‌లో నీరు చిలికినట్టు కలిసిపోతే అలాగే అవుతుంది. క్రాంక్ మెత్తగా తిరగడానికి కారణం బేరింగులు బాగుండడం కాదని, నేను పోసిన ఆయిల్ వాటి గరుకుతనాన్ని కప్పి ఉంచడమని అప్పుడు అర్థమైంది.

క్రాంక్‌కేసు విడదీయడానికి కావలసిన పనిముట్లు పెద్ద ఖరీదైనవేమీ కావు గాని, అవి లేకుండా మొదలుపెడితే మాత్రం ఖర్చు తప్పదు. మాగ్నెట్‌ను (క్రాంక్ కొనకు బిగించి ఉండే, ప్లగ్‌కు కరెంటు పుట్టించే చక్రాన్ని) దాని మరకు సరిపోయే పుల్లర్‌తోనే లాగాలి. సుత్తితో కొడితే లోపలి అయస్కాంతాలు ఊడిపోతాయి. తుప్పు పట్టిన స్టార్ స్క్రూలకు ఇంపాక్ట్ డ్రైవర్ వాడాను, వాటిలో రెండింటికి మాత్రం తల అరిగిపోయి డ్రిల్ చేయవలసి వచ్చింది. కేసు స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు కాబట్టి, ఒక అట్ట మీద కేసు ఆకారం గీసి, ఒక్కో స్క్రూను దాని చోటే గుచ్చిపెట్టాను. పొడవైన స్క్రూను పొట్టిదాని రంధ్రంలో బిగిస్తే కేసు పగులుతుంది.

అన్నీ విప్పాక కేసును విడదీసే పనిముట్టు స్ప్లిటర్ బిగించి క్రాంక్ కొనను నెట్టితే, కేసు ఒక వైపు మాత్రమే తెరుచుకుని ఆగింది. లోపల, రెండు సగాలను సరిగ్గా వరుసలో నిలిపే డవెల్ పిన్ను ఒకటి తుప్పుతో బిగుసుకుపోయింది. దాని చుట్టూ వేడి చేసి ఓపికగా తట్టవలసిన చోట, నేను స్క్రూడ్రైవర్ మొన సందులో దూర్చి ఒక్కసారి తిప్పాను. అల్యూమినియం మీద గోటి గీతంత గుర్తు పడింది. వెంటనే మానేసి, వేడి చేసి, మరో అరగంటలో కేసు విడదీశాను. ఆ గీత మాత్రం అక్కడే ఉండిపోయింది. దాని సంగతి తరువాత వస్తుంది.

లోపల చూసింది నేను ఊహించిన దానికంటే అధ్వానంగా ఉంది. మెయిన్ బేరింగులను పెట్రోలుతో కడిగి ఆరబెట్టి, వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటే ఇసుక నలిగిన చప్పుడు వచ్చింది. బిగ్ ఎండ్ (రాడ్ క్రాంక్‌కు తగులుకునే కింది కొన) అంతకు ముందు ఆట చూపకపోయినా, మెషిన్ షాపులో ప్రెస్ మీద క్రాంక్ విడదీసినప్పుడు పిన్ను మీద, నీళ్లు నిలిచిన వైపున, రోలర్లు ఆగిన చోటల్లా వరుసగా గుంటలు కనిపించాయి. ఇలాంటి క్రాంక్ కొన్నాళ్లు తిరుగుతుంది, ఆ తరువాత ఏదో ఒక వేగం మీద రాడ్ పట్టేసి కేసునే చీలుస్తుంది. కొత్త రాడ్, పిన్, బేరింగ్, వాషర్లు వేయించి, క్రాంక్‌ను వీ-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజ్‌తో సరిచేయించాను. చివరికి రెండు కొనల దగ్గరా వంకర 0.02 మి.మీ. లోపు వచ్చింది. ఈ పని ఇంట్లో చేయబోవద్దని నా సలహా. ప్రెస్ ఎవరి దగ్గరైనా ఉండవచ్చు గాని, రాగి సుత్తితో సరైన చోట సరైన దెబ్బ కొట్టడానికి అలవాటు పడిన చెయ్యి కావాలి.

గేర్లు చాలావరకు బతికాయి. పళ్ల మీద పైపై తుప్పును కిరోసిన్, సన్నని బ్రష్షుతో వదిలించాను. గుంటలు పడిన ఒక్క గేరును, గేర్‌బాక్సు బేరింగులన్నిటినీ మార్చాను. క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఇటుకలా తయారయ్యాయి, వాటి గురించి ఆలోచించే పనే లేదు. ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి: మసి పట్టిన భాగాలను కాస్టిక్ సోడా నీళ్లలో వేస్తే తెల్లగా వస్తాయని కొందరు చెబుతారు. ఇనుముకు అది ఫరవాలేదు, అల్యూమినియం కేసునూ పిస్టన్‌నూ మాత్రం అది తినేస్తుంది.

సిలిండర్ విషయంలో నా తొందరపాటు మరోసారి బయటపడింది. పిస్టన్ ఆగిన చోట లైనర్ చుట్టూ నల్లటి పట్టీలా గుంటలు పడ్డాయి. కంటికి చిన్నవిగానే తోచి, కొలవకుండానే 0.50 మి.మీ. ఓవర్‌సైజు పిస్టన్ తెప్పించాను. ఓవర్‌సైజు అంటే వ్యాసంలో పెరుగుదల అని, గోడ నుంచి తీసేది అందులో సగమేనని నాకు తెలియక కాదు, ఆ క్షణంలో ఆలోచించలేదు. గుంటల లోతు 0.3 మి.మీ. దాకా ఉంది, 0.50 బోరింగ్ గోడ నుంచి 0.25 మాత్రమే తీస్తుంది. చివరికి 0.75 పిస్టన్ వేరే తెప్పించి, దాన్ని మెషినిస్టు చేతికి ఇచ్చి, దాని స్కర్టు కొలతను బట్టే బోరు చేయించాను. మొదటి పిస్టన్ ఇంకా పెట్టెలోనే ఉంది. బోరు అయ్యాక పోర్టుల అంచులు కత్తిలా ఉంటాయి. వాటిని కాస్త వాలుగా నునుపు చేయకపోతే రింగు ప్రతి చుట్టులోనూ అంచుకు గీసుకుని, కొద్ది సేపట్లోనే విరుగుతుంది. ఫోర్-స్ట్రోక్ సిలిండర్లకే అలవాటు పడిన షాపుల్లో ఈ పని మరిచిపోవడం మామూలే కాబట్టి, సిలిండర్ ఇచ్చేటప్పుడే చెప్పడం మంచిది.

బోరు అయ్యాక గోడను రాయితో సానబట్టే హోనింగ్‌లో మిగిలే పొడి కిరోసిన్‌తో పోదు. వేడి నీళ్లు, సబ్బు పెట్టి తోమి, ఆరిన వెంటనే ఆయిల్ రాసి తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డ మీద బూడిద రంగు కనిపించకుండా పోయేదాకా మళ్లీ మళ్లీ తుడవాలి. నాకు ఐదు గుడ్డలు పట్టాయి.

తిరిగి బిగించడంలో ఎక్కువ శ్రద్ధ పెట్టింది ఆయిల్ సీళ్ల మీద. కేసును ఓవెన్‌లో సుమారు 100 డిగ్రీలకు వేడి చేసి, బేరింగులను రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచితే, సుత్తి అవసరం లేకుండానే అవి వాటి గూళ్లలోకి జారాయి. ఆ తరువాత సీళ్ల పెదవులకు గ్రీజు రాసి కూర్చోబెట్టాను. టూ-స్ట్రోక్‌కు క్రాంక్ సీళ్లు ప్రాణం లాంటివి. మాగ్నెట్ వైపు సీలు కారితే బయటి గాలి లోపలికి వచ్చి మిశ్రమం పలుచబడి పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు కారితే ఇంజన్ గేర్‌బాక్సు ఆయిల్‌ను పీల్చుకుని దట్టంగా పొగ కక్కుతుంది. పిస్టన్ బాణం ఎగ్జాస్ట్ వైపు ఉండేలా, రింగుల మూతులు గాడిలోని పిన్నుల దగ్గరకు వచ్చేలా చూసుకుని, పిస్టన్‌ను రాడ్‌కు కలిపే గడ్జన్ పిన్ జారకుండా పట్టే సర్క్లిప్పులు కొత్తవి వేశాను. పాత క్లిప్పును మళ్లీ వాడడం పొదుపు కాదు. హెడ్ నట్లను అడ్డదిడ్డంగా కాక, ఎదురెదురు జతలుగా మూడు విడతల్లో టార్క్ రెంచితో బిగించాను.

అప్పటికే స్టార్ట్ చేయాలన్న ఆత్రం ఉన్నా, ముందు గాలి పరీక్ష చేశాను. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ రబ్బరు బిరడాలతో మూసి, 6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడికి గాలి నింపి, గేజ్ చూస్తూ కూర్చోవడమే ఆ పరీక్ష. నిమిషానికి 1 పీఎస్ఐ కంటే ఎక్కువ తగ్గితే ఎక్కడో కారుతోందని అర్థం. నాది రెండు నిమిషాల్లో సున్నాకు దిగింది. సబ్బు నురుగు పూసి వెతికితే సీళ్లు, బేస్ గ్యాస్కెట్, రీడ్ బ్లాకు అన్నీ బాగున్నాయి. సిలిండర్ కింద, రెండు కేసులు కలిసే గీత వెంట, సన్నని బుడగలు వరుసగా లేచాయి. అది స్క్రూడ్రైవర్ దూర్చిన చోటే.

ఇంకాస్త సీలెంట్ బయటి నుంచి పూసి ఊరుకోవచ్చునా అని ఆలోచించలేదని చెబితే అబద్ధమవుతుంది. క్రాంక్‌కేసు లోపల ప్రతి చుట్టులోనూ ఒత్తిడి, శూన్యం మారి మారి వస్తాయి. బయట పూసిన పట్టీ కొన్నాళ్లకు వదిలేస్తుంది, ఆ వదిలిన రోజు నాకు తెలిసేలోపే పిస్టన్ పోతుంది. మాగ్నెట్, క్లచ్, సిలిండర్, అన్నీ మళ్లీ విప్పాను. గీత పక్కన అల్యూమినియం కొద్దిగా ఉబ్బి, రెండో కేసును ఆనుకోకుండా ఎత్తి పెడుతోంది. నూనె రాయితో ఆ ఉబ్బును మాత్రమే దించి, మిగతా ముఖాన్ని ముట్టుకోకుండా, గాజు పలక మీద పెట్టి సమంగా ఆనుతోందని చూసుకున్నాను. పాత సీలెంట్ పూర్తిగా తుడిచి, కొత్తది పలుచగా పూసి మూశాను. సీళ్లు కూడా మళ్లీ కొత్తవే వేశాను. మొదటిసారి నాలుగు రోజులు పట్టిన బిగింపు ఈసారి ఒకటిన్నర రోజులో అయింది. గాలి పరీక్షలో ఆరు నిమిషాలకు ముల్లు అర పీఎస్ఐ మాత్రమే దిగింది.

కార్బురేటర్‌లో తక్కువ వేగానికి పెట్రోలు అందించే సన్నని రంధ్రం పైలట్ జెట్ తెల్లటి పొడితో పూర్తిగా మూసుకుపోయి ఉంటే కొత్తది వేశాను, మాగ్నెట్ లోపలి తుప్పును సన్నని ఎమెరీతో తీశాను, ట్యాంకు కడిగాను. పెట్రోలులో 32 పాళ్లకు ఒక పాలు, అంటే లీటరుకు సుమారు 31 మి.లీ. టూ-స్ట్రోక్ ఆయిల్ కలిపాను. మొదట ఎన్ని కిక్కులు కొట్టినా పలకలేదు. ప్లగ్ తీస్తే తడిగా ఉంది. బిగించేటప్పుడు బేరింగులకు పోసిన ఆయిల్ అంతా పైకి వచ్చింది. ప్లగ్ ఆరబెట్టి, పెట్రోలు కుళాయి కట్టేసి, థ్రాటిల్ తెరిచి కొడితే నాలుగో కిక్కుకు అందుకుంది.

పొగ తెల్లగా, చాలాసేపు వచ్చింది. క్లచ్ వైపు సీలు మళ్లీ పోయిందేమోనని భయపడి ఆపేసి, గేర్‌బాక్సు ఆయిల్ మట్టం చూశాను. అది పోసినంతా ఉంది. సైలెన్సర్‌లో పేరుకున్న పాత ఆయిల్ కాలుతోందన్నమాట. సిలిండర్ రెక్కలు చెయ్యి పెట్టలేనంత వేడెక్కేదాకా నడపడం, పూర్తిగా చల్లారనివ్వడం అలా మూడుసార్లు చేసి, చల్లగా ఉన్నప్పుడు హెడ్ నట్లను మరోసారి చూశాను; రెండు నట్లు కొద్దిగా తిరిగాయి. మొదటి ట్యాంకు అయ్యేదాకా ఒకే వేగంతో ఎక్కువసేపు నడపలేదు, థ్రాటిల్ సగం దాటించలేదు. ఆ ట్యాంకు అయ్యాక గేర్‌బాక్సు ఆయిల్ దించితే, సన్నని లోహపు మెరుపు తప్ప అందులో నీటి జాడ లేదు. ప్లగ్ గోధుమ రంగులో ఉంది, అంటే మిశ్రమం సరిగ్గా కాలుతోందన్నమాట.