టైటానియం బిళ్లల మీద ఎముక కణాలు: నా పీహెచ్‌డీ అనుభవం

తుంటికో, పంటికో పెట్టే టైటానియం ఇంప్లాంట్ ఎముకకు గట్టిగా అతుక్కుంటేనే పది కాలాలు నిలుస్తుంది. టైటానియాన్ని ఎముక తనలో కలుపుకుంటుందని స్వీడన్‌లో బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల మీద గమనించారు. ఆ అతుకు ఇంకా త్వరగా పడేలా కార్బన్ నానో పూత వేయొచ్చా అన్నదే నా పీహెచ్‌డీ. చేసింది అనంతపురంలో.

పూత వేయడం పెద్ద కష్టం కాలేదు. పూత వేసిన టైటానియం బిళ్లల మీద పెంచే ఎముక కణాలను బతికించుకోవడమే కష్టం. వాటికి 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కావాలి. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు. మా దగ్గర ఏప్రిల్‌లో ఎండ 40 దాటుతుంది. ఇంక్యుబేటర్‌కు ఇన్వర్టర్ ఉన్నా ఏసీకి లేదు కాబట్టి, కరెంటు పోతే గదితోపాటు లోపల కణాలూ ఉడికిపోతాయి. అందుకే ముఖ్యమైన ప్రయోగాలన్నీ చలికాలానికి జరుపుకున్నాను. సీమలో ఈ పని మొదలుపెట్టేవాళ్లు ముందు ఏసీ సంగతి చూసుకోండి.

అసలు టెన్షన్ ఎంటీటీ పరీక్ష దగ్గర మొదలైంది. బతికున్న కణాలు పసుపు రంగు మందును ఊదా స్ఫటికాలుగా మారుస్తాయి. ఊదా ఎంత చిక్కగా ఉంటే అన్ని కణాలు బతికున్నట్టు లెక్క. కార్బన్ నానోట్యూబులు, అంటే అతి సన్నటి కార్బన్ గొట్టాలు, పూసిన బిళ్లల మీద రంగు వెలవెలబోయింది.

"అక్కా, అన్నీ చచ్చిపోయినాయా?" అంది మా జూనియర్.

మైక్రోస్కోపులో చూస్తే కణాలు చక్కగా కాళ్లు చాపుకుని పరుచుకుని ఉన్నాయి! ఆ ఊదా స్ఫటికాలను నానోట్యూబులు తమకే అంటించుకుని వదలవు, దాంతో రీడింగ్ పడిపోతుంది. నేను వాడిన ఇంకో పూత గ్రాఫీన్ ఆక్సైడ్, అంటే ఆక్సిజన్ చేరిన పలుచటి కార్బన్ రేకులు. దానిది ఇంకో తీరు: కణాలు లేకపోయినా అదే మందును ఊదాగా మార్చేయగలదు. కాబట్టి కణాల్లేని పూత బిళ్లలను కూడా ప్రతిసారీ పోల్చడానికి పరీక్షించాను, కణాల లెక్కకు డీఎన్ఏ కొలతను నమ్ముకున్నాను. కార్బన్‌తో పనిచేసేవాళ్లు ఎంటీటీ ఒక్కదాన్నే పట్టుకుని ఏ మాటా చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం.

అయినా కణాలు పెరగడం వేరు, ఎముక కట్టడం వేరు. మొదట వాడిన ఎంజీ-63 కణాలు క్యాన్సర్ గడ్డ నుంచి తీసినవి, ఎక్కడైనా పెరుగుతాయి. అందుకే తర్వాత ఎలుక పుర్రె ఎముక నుంచి వచ్చిన ఎంసీ3టీ3 కణాలకు మారాను. 7, 14 రోజులప్పుడు ఎముక కట్టే కణాలు తయారుచేసే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్‌ను కొలిచి, 21వ రోజున అలిజరిన్ రెడ్ అనే రంగు వేశాను. కాల్షియం పేరుకున్న చోటల్లా ఎర్రబడుతుంది. నీళ్లతో కడిగేకొద్దీ ఉత్త టైటానియం మీద రంగు చాలావరకు పోయింది. గ్రాఫీన్ ఆక్సైడ్ మీద మాత్రం ఎర్రటి మచ్చలు అలాగే నిలిచాయి. గ్రాఫీన్ ఆక్సైడ్‌లోని ఆక్సిజన్ గుంపులు కణాల పోషక ద్రవంలోని సీరం ప్రోటీన్లను పట్టి ఉంచుతాయి, కణాలు ఆ ప్రోటీన్లనే పట్టుకుని నిలదొక్కుకుంటాయి.

మందంగా పూసిన బిళ్లల నుంచి మాత్రం పొరలు ఊడాయి. పూతగా అంటుకుని ఉన్న కార్బన్ చేసే మేలును విడిపోయి తేలే కార్బన్ చేయదు, పైగా కణాలకు హాని చేయొచ్చు. అందుకని థీసిస్‌లో పలుచటి పూతనే ముందుకు తెచ్చాను, ఊడిన పూతల ఫోటోలనూ అందులోనే పెట్టాను.