చెయ్యి ఖాళీ లేని చోటు

పోయిన వేసవిలో వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో రెండు నెలలు చీరాలలో అమ్మావాళ్ల దగ్గరున్నాను. ప్రశాంతంగా ఉంటుందనుకున్నా గానీ, హైదరాబాదులో మోగిన ఫోనే అక్కడా మోగింది. సెలవు పెట్టిన రోజు కూడా "చిన్న పని, రెండు నిమిషాలే" అని మెసేజ్. పోనీ సముద్రం చూస్తే మనసు కుదుటపడుతుందేమోనని వాడరేవు వెళ్లి, అలల్ని ఫోటో తీసి స్టేటస్ పెట్టి, ఎవరెవరు చూశారా అని ఇసకలో కూర్చుని లెక్కపెట్టుకున్నాను. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

నా చిరాకు చూడలేక నాన్నే అన్నారు, "ఊరికే విసుక్కునే బదులు వేటపాలెం లైబ్రరీకి పోరాదూ" అని. సారస్వత నికేతనం, 1918లో పెట్టింది. 1929లో గాంధీగారు ఆ ఊరు వచ్చారు, ఆయన చేతికర్రని ఇప్పటికీ అక్కడ దాచి ఉంచారు. అది చూడాల్సిందే, కానీ నేను మళ్లీ మళ్లీ వెళ్లింది పాత పత్రికల కోసం.

ఆంధ్రపత్రిక పాత బైండు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. మంచి బరువు. కాగితం అప్పడంలా ఉంది, కాస్త గట్టిగా పట్టుకుంటే అంచు చేతిలోకి వచ్చేస్తుందేమోనని భయం, అందుకని ఎడమచేత్తో కింద ఆసరా ఇచ్చి కుడిచేత్తో మెల్లగా తిప్పాలి. జేబులో ఫోన్ వణికింది. తీద్దామంటే చెయ్యి ఖాళీ లేదు. పేజీ తిరిగేసరికి ఆ సంగతే మర్చిపోయాను! ఫోన్ ఆపమని ఎవరూ చెప్పలేదు, సిగ్నల్ కూడా నిండుగా ఉంది.

వార్తలకన్నా ప్రకటనలే ఎక్కువ చదివాను. అమృతాంజనం ప్రకటన చూసి నవ్వొచ్చింది. 1893లో ఆ మందు మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే 1908లో ఈ పత్రికా పెట్టారు. వార్తలు చదివి తలనొప్పి వస్తే మందు కూడా ఆ ఇంటిదే అన్నమాట.

బయటికొచ్చి చూసుకుంటే పదకొండు మిస్డ్ కాల్స్. రెండు నిమిషాల పని ఎవరో చేసేశారట. చివరి కాల్ అమ్మది, వచ్చేటప్పుడు అరకిలో జీడిపప్పు తెమ్మని.