లూజు సిగరెట్టు

మా తాతగారు చుట్ట తాగేవారు. "నిప్పు పట్రారా" అని అరుగు మీద నుంచి ఆయన కేక వేస్తే, పొయ్యిలోని కణికను పటకారుతో పట్టుకొని పరుగెత్తడం మా ఇంట్లో మనవల పని. అందువల్ల పొగాకు వాసన నాకు చిన్నప్పుడే ఇంటి వాసనగా పరిచయమైంది. మన దేశంలో సిగరెట్టు తాగిన 13–15 ఏళ్ళ విద్యార్థులలో 38 శాతం మంది పదేళ్ళు నిండకముందే మొదలుపెట్టారని 2019 నాటి ప్రపంచ యువజన పొగాకు సర్వే తేల్చినప్పుడు, నాకు ఆశ్చర్యం కలగలేదు.

నేను మొదలుపెట్టింది ఇంజనీరింగు రెండో ఏడాదిలో. హాస్టలు గేటుకు ఎదురుగా ఉన్న పాన్ డబ్బా గుంజకు ఒక కొబ్బరితాడు వేలాడుతూ, దాని కొన ఎప్పుడూ రాజుకుంటూ ఉండేది కనుక, అగ్గిపెట్టె కొనవలసిన అవసరం కూడా లేదు. మొదటి దమ్ముకే దగ్గు తెర కమ్మి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. చుట్టూ ఉన్న సీనియర్లు నవ్వారు. అయితే ఆ నవ్వులో వెక్కిరింత కంటే చనువే ఎక్కువగా వినిపించింది. ఎవరూ బలవంతపెట్టలేదు. ఊరు వదిలి వచ్చి, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియని పందొమ్మిదేళ్ళ కుర్రవాడికి ఆ గుంపులో నిలబడే చోటు దొరకడమే అసలు ఆకర్షణ. క్యాన్సరు గురించి మాకు తెలియక కాదు. అది ముసలితనంలో వచ్చేదని, తాతగారికి ఎనభై దాటినా రాలేదని మా లెక్క.

పద్దెనిమిదేళ్ళు నిండనివారికి, విద్యాసంస్థలకు 100 గజాల లోపల సిగరెట్లు అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతోంది. మా డబ్బా గేటుకు ముప్పై అడుగులు కూడా లేదు. దానికంటే పెద్ద లొసుగు, నా దృష్టిలో, విడిగా అమ్మడమే. 2016 నుంచి పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ అచ్చువేస్తున్నా, ఒక్కటి కొనుక్కునే పిల్లవాడి కంట అది పడదు. పెట్టె దుకాణదారు దగ్గరే ఉండిపోతుంది. పెట్టె మొత్తం కొనాలంటే వెనుకాడే పిల్లవాడు, టీతో పాటు ఒక్కటి కొనడానికి జంకడు. మహారాష్ట్ర 2020లో ఈ విడి అమ్మకాన్ని నిషేధించింది.

నేను మానేసి ఆరేళ్ళయింది. టీ గ్లాసు అందుకోగానే రెండో చెయ్యి ఇప్పటికీ చొక్కా జేబు తడుముతుంది.