వుడ్ లేత్‌కి వీఎఫ్‌డీ: ట్రిప్పుల పద్దు

సరంజామా: 1 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు, సింగిల్ ఫేజ్ ఇన్‌పుట్ ఉన్న 1.5 కిలోవాట్ల డ్రైవ్ (వీఎఫ్‌డీ, అంటే ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగాన్ని మార్చే పెట్టె), ఇంటి 230 వోల్టుల లైను. తేడా కనబడగానే డ్రైవ్ అలారం ఇచ్చి తనంతట ఆగిపోవడమే ట్రిప్. మోటారు ప్లేటు మీద 415 వోల్టులు, స్టార్ (మూడు వైండింగ్‌ల కొసలు ఒకచోట ముడివేసిన కనెక్షన్), 1.8 ఆంపియర్లు. డ్రైవ్ ఇచ్చేది 230 వోల్టులే కాబట్టి టెర్మినల్ బాక్సులో లింకులు మార్చి డెల్టా (వైండింగ్‌లు త్రిభుజంలా కలిపే కనెక్షన్) చేశాం. అప్పుడు కరెంటు 1.732 రెట్లు, అంటే 3.1 ఆంపియర్లు. డ్రైవ్ సెట్టింగుల్లో మోటారు కరెంటు పారామీటర్‌లో ఈ అంకె పడాలి, 1.8 ఉంచితే ఉలి కాస్త లోతుగా దిగగానే ఓవర్‌లోడ్ అంటుంది. బాక్సులోకి మూడే తీగలు వచ్చే మోటారైతే స్టార్ ముడి వైండింగ్ లోపల ఉంటుంది. దాన్ని రివైండింగ్ షాపులో విప్పించాల్సిందే.

ఓవర్‌వోల్టేజ్: ఆపేటప్పుడే వస్తోంది. డిస్‌ప్లేని డీసీ బస్ (డ్రైవ్ లోపల ఏసీని డీసీగా మార్చి నిలవ ఉంచే భాగం) వోల్టేజ్ రీడింగ్ మీద పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మామూలుగా 325 దగ్గర ఉండే బస్, బరువైన వేప దిమ్మ బిగించి 2 సెకన్లలో ఆపితే 400 దాటి ట్రిప్ అవుతుంది. తిరిగే దిమ్మ మోటారును జనరేటర్ చేసి కరెంటును వెనక్కి తోస్తోంది. డిసెలరేషన్ (ఆగడానికి పట్టే సమయం) 10 సెకన్లు చేశాక అలారం లేదు. వెనక్కొచ్చే కరెంటును వేడిగా మార్చి త్వరగా ఆపే బ్రేక్ రెసిస్టర్ పెట్టమని చాలామంది చెప్తారు గానీ, మరచుట్టుతో బిగిసే చక్ (దిమ్మను పట్టుకునే భాగం) ఉన్న లేత్‌కి అది వద్దు. ఠక్కున ఆపితే చక్ దానంతటదే విప్పుకుని దిమ్మతో సహా మీదికొస్తుంది. మోటారు తిరగకుండా ఊరికే ఉన్నప్పుడూ ఇదే అలారం వస్తే తప్పు సప్లైది.

ఓవర్‌కరెంట్: స్టార్ట్ కాగానే. ముందు టార్క్ బూస్ట్ (తక్కువ వేగంలో డ్రైవ్ అదనంగా ఇచ్చే వోల్టేజ్) తగ్గించి, యాక్సిలరేషన్ టైమ్ పెంచాలి. డ్రైవ్‌కీ మోటారుకీ మధ్య పాత ఆన్-ఆఫ్ స్విచ్ ఉంటే తీసేయాలి, నడుస్తుండగా దాన్ని వేస్తే ఇదే ట్రిప్. స్టార్ట్, స్టాప్ రెండూ కంట్రోల్ టెర్మినళ్ల నుంచే. అప్పటికీ పోకపోతే మోటారు తీగలు విప్పి డ్రైవ్‌ని ఒంటరిగా నడపాలి. అలాగైనా ట్రిప్ అయితే పవర్ మాడ్యూల్ (మోటారుకి కరెంటు పంపే డ్రైవ్ లోపలి స్విచింగ్ భాగం) మీద అనుమానం. మెయిన్ తీసి 10 నిమిషాలు ఆగి, బస్ దిగిందని మీటరుతో చూసుకున్నాకే డయోడ్ టెస్ట్: ఎర్ర ప్రోబ్ మైనస్ బస్ మీద, నల్లది మోటారు తీగలు తగిలించే యు, వి, డబ్ల్యు టెర్మినళ్ల మీద వరసగా. మూడు చోట్లా దాదాపు ఒకే అంకె, 0.3 నుంచి 0.5 వరకు రావాలి. సున్నా వస్తే మాడ్యూల్ షార్ట్. తర్వాత ఎర్రది యు, వి, డబ్ల్యు మీద, నల్లది ప్లస్ బస్ మీద పెట్టి మళ్లీ చూడాలి. ఒంటరిగా నడిస్తే 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) మోటారును, కేబుల్‌ను చూడాలి. తీగలు డ్రైవ్‌కి తగిలి ఉండగా మెగ్గర్ తిప్పితే డ్రైవ్ పోతుంది.

అండర్‌వోల్టేజ్: లోడ్ పడ్డప్పుడే. ఇన్‌పుట్ టెర్మినళ్ల దగ్గర కొలిస్తే ఉలి ఆనించగానే 225 నుంచి 190కి జారుతోంది. 6 ఆంపియర్ల ప్లగ్‌లో స్క్రూ వదులు. 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేశాక సరిపోయింది. ఇన్‌పుట్ నిలకడగా ఉండి బస్ మాత్రమే పడిపోతుంటే లోపలి ప్రీఛార్జ్ రిలే (ఆన్ చేసేటప్పుడు కరెంటును తగ్గించే రెసిస్టర్‌ని, బస్ నిండాక దాటించే స్విచ్) అంటుకోవడం లేదని అనుకోవాలి.

మిగిలిన పని: 20 హెర్ట్జ్ కింద ఎక్కువసేపు నడిపితే షాఫ్ట్ ఫ్యాన్ గాలి చాలక మోటారు కాలుతోంది, కరెంటు హద్దులోనే ఉంటుంది కనుక డ్రైవ్ అలారం ఇవ్వదు. విడిగా తిరిగే ఫ్యాన్ ఒకటి మోటారు వెనక బిగించాలి.