ముగ్గు చిక్కిపోయింది

కాకినాడ నుంచి మా అమ్మ వీడియో కాల్ చేస్తే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "చిక్కిపోయావే!" పెళ్లినాటికీ ఇప్పటికీ నేను పన్నెండు కిలోలు పెరిగాను. అయినా ఆవిడ కంటికి చిక్కిపోయే కనిపిస్తాను. మనవరాలూ అంతే. అందుకే పోయిన చలికాలంలో మా అక్వేరియం వైపు చూసి "ఆ చేపేంటే, అలా చిక్కిపోయింది?" అంటే అందరం నవ్వేసి ఊరుకున్నాం.

ఆ చేప పేరు మాండరిన్. వేలెడంత ఉంటుంది. నీలం మీద నారింజ రంగు మెలికలు, సంక్రాంతికి ఎవరో తీరిగ్గా కూర్చుని పెట్టినట్టు. అందుకే "ముగ్గు" అని పేరు పెట్టాం. మా తొమ్మిదేళ్లది దాని బొమ్మ గీసి కింద ఇంగ్లీషులో పేరు రాసి స్కూలుకి పట్టుకెళ్తే, ఫ్రెండ్స్ అంతా "మగ్గు" అని చదివారట. నేను పడీపడీ నవ్వాను. దానికి అర్థం కాలేదు. దాని లెక్కలో మగ్గంటే కాఫీ తాగేది మరి.

మేం ఉండేది అమెరికాలో, డాలస్ దగ్గర. ఇంట్లో ఉప్పునీళ్ల తొట్టి పెట్టాలన్న సరదా మా వారిది. కాకినాడలో పెరిగిన నాకు సముద్రమంటే గోదావరి మట్టి కలిసిన నీళ్లే తెలుసు, పగడపు దిబ్బల రంగులు తెలియవు. చాలా జీవుల్లో మనకు కనిపించే నీలం వెలుతురు చేసే గారడీ అట. ఈ చేప చర్మంలో మాత్రం నిజంగానే నీలం వర్ణకం ఉంది. వెన్నెముక ఉన్న జీవాల్లో అది బాగా అరుదు.

శుద్ధి చేసిన నీళ్లలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు కలపడం నేర్చుకున్నాం. నీళ్లు ఆవిరై తగ్గితే మంచినీళ్లే పోయాలని కూడా (ఉప్పు ఆవిరవదు కదా) ఒకసారి తప్పు చేశాకే తెలిసింది. అసలు దెబ్బ తిన్నది తిండి దగ్గర. అమ్మినతను "ఏదైనా తింటుంది" అన్నాడు. మేం వేసిన గుళికలు మూతి ముందు నుంచి పోతున్నా అది చూసేది కాదు. కానీ రోజంతా రాళ్లను పొడుస్తూనే ఉండేది. తింటోంది కదా అనుకున్నాం.

అది వెతుకుతోంది కోపెపాడ్ల కోసం. రాళ్ల మీద పాకే, ఆవగింజ కంటే చిన్న జీవాలు. పాతబడిన పెద్ద తొట్టిలో అయితే వాటంతటవే పెరుగుతుంటాయి. మాది చిన్నది, పైగా పెట్టి నాలుగు నెలలే. ఉన్నవి అయిపోయాయి. పక్క నుంచి చూస్తే పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంది. రోజూ చూసే మాకు తెలియలేదు, ఫోన్లో చూసి మా అమ్మ పట్టేసింది.

కోపెపాడ్ల సీసాలు తెప్పించాం. ఉప్పురొయ్యల గుడ్లు కొన్నాం. ఉప్పునీళ్ల సీసాలో వేసి గాలి బుడగలు వదిలితే ఒక రోజుకి పిల్లలవుతాయి. వాటిని డ్రాపర్‌తో వేసే పని మా అమ్మాయిది. ఓ రోజు నేను ఇంకొంచెం తింటుందిలే అని సీసా మొత్తం ఒంపేశాను. "అమ్మా, మిగిలినవి చచ్చిపోతే అమోనియా వస్తుంది. అది ఒకేసారి తినదు. లిటిల్ లిటిల్, ఆల్ డే" అని కోప్పడింది.

నాకు తగలాల్సిన చోటే తగిలింది. లంచ్ బాక్సులో పులిహోర సగం తిరిగొస్తే, సాయంత్రం కూర్చోబెట్టి పప్పన్నం కలిపి పెట్టేదాన్ని. పక్కన తెలుగు వాచకం. ముద్దకో వాక్యం. రెండూ దాని గొంతు దిగేవి కావు. వాచకం మానెయ్యలేదు గానీ, ముద్దకు ముడిపెట్టడం మానేశాను.

ఇప్పుడు అమ్మమ్మా మనవరాలూ రోజూ మాట్లాడుకుంటారు, చేప గురించే. "తిందా?" "తినింది అమ్మమ్మా, పొట్ట వచ్చింది." నేను "తినింది కాదే, తింది" అని దిద్దబోతే మా అమ్మ నా మీదే కళ్లెర్రజేస్తుంది.

పోయిన వారం మా వారు రెండు వారాల ఆఫీసు ప్రయాణం ముగించుకుని ఇంటికొచ్చారు. పెట్టె గుమ్మంలో పెట్టారో లేదో, మా అమ్మాయి ఎగాదిగా చూసి, "నాన్నా, చిక్కిపోయావు" అంది. ఆయన బెల్టు సర్దుకుంటూ నా వైపు చూశారు.